గుట్టు ఎవరిది, దెబ్బలు ఎవరివి

మాకు రెండు భాషలు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఉర్దూలో ఏడుస్తాం, తెలుగులో అర్జీలు రాస్తాం. ఏ మాట ఏ భాషలో బరువో మాకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. 'తలాక్' అని తెలుగులో రాస్తే వార్త, ఉర్దూలో అంటే ఇల్లు కూలుతుంది. ఇట్లా రెండు భాషల మధ్య బతికేవాళ్లకు ఒక వెసులుబాటు వుంది. ఒక దాంట్లో మాట దొరక్కపోతే ఇంకో దాంట్లోంచి అప్పు తెచ్చుకుంటాం. 'ఇజ్జత్' అనే మాటకు తెలుగు వెతకం. 'గుట్టు' అనే మాటకు ఉర్దూ వెతకం.

ఈ ఒక్క సంగతికి మాత్రం రెండిళ్లలోనూ అప్పు పుట్టలేదు.

ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇంట్లో ఆలుమగల్లా కాపురం వుంటారు. వాళ్లలో ఒకామె ఇంకో ఆమెను కొడుతుంది. దీన్ని ఏమనాలి? తెలుగు పత్రికలు ఇన్నేళ్లూ 'స్వలింగ సంపర్కం' అని రాసుకొచ్చాయి. ఆ మాటలో పక్క వుంది, పొయ్యి లేదు. నెల కిరాయి లేదు, జ్వరమొస్తే తల మీద తడిగుడ్డ వేసే చెయ్యి లేదు. ఉర్దూలో 'హమ్‌జిన్స్ పరస్తీ' అంటారు. పరస్తీ అంటే ఆరాధన. ఒక భాషకు పక్క మాత్రమే కనపడింది, ఇంకో భాషకు విగ్రహారాధన లాంటిదేదో కనపడింది. ఇల్లు రెండింటికీ కనపడలేదు. ఇల్లే లేదనుకున్న చోట గృహహింస అనే మాట ఎక్కడ ఆనుతుంది?

మేం ఇరవై ఏళ్లకు పైగా పత్రికల డెస్కుల మీద బతికినవాళ్లం. ఇలాంటి వార్త మా బల్ల మీదికి మూడు దారుల్లో వచ్చేది. కోర్టు తీర్పు, వింత పెళ్లి, చావు. హెడ్డింగులో 'వింత' అన్న మాట పడకపోతే కొందరు విలేకరులకు ఆ పూట అన్నం సహించదు. ఈ మూడింటి మధ్యలో వుండే బతుకు వార్త కాదు. ఉప్పు అయిపోవడం, అనుమానం, ఫోను లాక్కోవడం, చెంపదెబ్బ, మర్నాడు పొద్దున కాళ్లు పట్టుకుని ఏడవడం, ఇవేవీ వార్త కావు. చచ్చిపోతే మాత్రం 'స్నేహితురాలి చేతిలో' అని వస్తుంది. స్నేహితురాలు అన్న మాట పాపం ఎన్ని మొయ్యాలో.

ఉర్దూకు ఒకప్పుడు ఇంత పేదరికం లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లక్నోలో రేఖ్తీ అనే కవిత్వం నడిచింది. మగకవులు ఆడగొంతుతో, జనానాలో మాట్లాడుకునే భాషలో రాసిన కవిత్వం. సాదత్ యార్ ఖాన్ రంగీన్, ఇన్షా అల్లా ఖాన్ ఇన్షా అందులో పేరున్నవాళ్లు. ఆడదాన్ని ప్రేమించే ఆడదానికి అందులో పిలుపులున్నాయి. 'దోగానా' అన్నారు, 'జనాఖీ' అన్నారు. అలకలున్నాయి, ఈర్ష్యలున్నాయి, కొట్లాటలున్నాయి. తర్వాత వచ్చిన పెద్దమనుషులు దాన్ని అశ్లీలమని అటకెక్కించారు. మేం బి.ఏ. చదివిన చోట రేఖ్తీ అనే పేరు ఒక్క వాక్యంలో వచ్చి, ఒక్క నవ్వుతో పోయింది. ఆ మాటలు అట్లా పోయాయి. ఆ మనుషులు మాత్రం పోలేదు, మా పక్కిళ్లలోనే వున్నారు.

ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' 1942లో వచ్చింది. అశ్లీలం కేసు కింద ఆమె లాహోర్ కోర్టు మెట్లెక్కింది. గెలిచింది. ఆ కథ గురించి ఎనభై ఏళ్లుగా మనవాళ్లు వాదించుకుంటున్నది ఒక్కటే, అది బూతా, తిరుగుబాటా అని. బేగమూ, ఆమెకు ఒళ్లు పట్టే దాసీ రబ్బూ సమానులు కారు కదా, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి కడుపు ఎవరి చేతిలో వుంది అని అడిగినవాళ్లు తక్కువ. రబ్బూ లేని రోజు బేగం చేతుల్లో బిగుసుకుపోయి భయపడ్డ ఆ చిన్నపిల్ల గురించి అడిగినవాళ్లు ఇంకా తక్కువ. ఇస్మత్ ఆపా అన్నీ రాసింది. చదివినవాళ్లు దుప్పటి దగ్గరే ఆగిపోయారు.

మాకు ఈ సంగతి పుస్తకాల్లోంచి రాలేదు. మా మొహల్లాలో మగ్గం పని చేసే ఆపా ఒకామె వుండేది. పేరు రాయం. ఊరూ రాయం. జాకెట్ల మీద, లెహంగాల మీద జర్దోసీ, పూసల పని చేసేది. పెళ్లిళ్ల సీజనులో రాత్రి రెండింటి దాకా ఆ కిటికీలో దీపం వెలిగేది. తల్లి పోయాక అన్నలు నలుగురు పిల్లలున్న ఒకతనికి ఇచ్చి చేయబోతే పట్నం వచ్చేసింది. నర్సు ఉద్యోగం చేసే ఇంకో ఆమెతో కలిసి వుండేది. ఏడేళ్లు వున్నారు. చుట్టుపక్కల వాళ్లు అక్కచెల్లెళ్లనుకున్నారు, కొందరు సహేలీలనుకున్నారు. కొందరికి తెలుసు, తెలియనట్టు వున్నారు. మా మొహల్లాలకు ఆ విద్య బాగా వచ్చు. కిరాయి కాగితం మీద నర్సు పేరు ఒక్కటే వుంది. అడ్వాన్సులో సగం ఆపాది. మగ్గం ఆపాదే.

2019 చలికాలంలో ఒక రాత్రి, ఇషా నమాజు అయ్యాక, మా తలుపు కొట్టింది. కుడి మణికట్టు వాచిపోయి వుంది. మగ్గం పనివాళ్లకు కుడి చెయ్యంటే నోటి కూడు. మా అమ్మీ "కౌన్ మారా బేటీ?" అని అడిగింది. జవాబు లేదు. అన్న వచ్చాడా? తల అడ్డంగా ఊపింది. ఇంటి ఓనరా? కాదు. ఆటోవాడెవడైనానా? కాదు. అమ్మీకి తెలిసిన మగవాళ్ల జాబితా అయిపోయింది. ఇంకేమీ అడగకుండా పసుపూ సున్నం కలిపి పట్టు వేసి, పక్కలో పడుకోబెట్టుకుంది.

రెండు రోజులకు చెప్పింది. "ఆమే కొడుతుంది ఖాలా. ఐదేళ్లాయె."

మొదట తిట్లు. తర్వాత ఎవరితో ఫోన్లో మాట్లాడావని. తర్వాత సంపాదన అంతా చేతిలో పెట్టమని. మగ గిరాకీ వస్తే ఒక తంటా, ఆడ గిరాకీ వస్తే ఇంకా పెద్ద తంటా. కొట్టిన రాత్రి ఒక మాట వుండేదట. "మీ అన్నకు ఫోన్ చేసి మనమేంటో చెప్పమంటావా?" దెబ్బలకు ఏడుపొచ్చేది, ఆ మాటకు మాత్రం ఒళ్లు చల్లబడేదట. మొగుడి చేతిలో ఈ ఆయుధం వుండదు. మొగుడు కొడితే పెళ్లాం పరువుకు లోటు లేదు, లోటల్లా మొగుడికే. ఇక్కడ బయటపడితే దెబ్బలు తిన్నామె ముందు పోతుంది. అన్నలకు తెలిస్తే ఆమెను ఊరికి లాక్కెళ్తారు, గదిలో పెడతారు, ఎవరికో ఒకరికి కట్టబెడతారు. కన్నవాళ్ల ఇంటి హింసకు భయపడి, కట్టుకున్న ఇంటి హింసను ఐదేళ్లు భరించింది. మేం విన్న మిగతా కథల్లోనూ లెక్క ఇదే.

మాలో ఇద్దరం ఆమెతో స్టేషనుకు వెళ్లాం. అది ఏ స్టేషనో చెప్పి లాభం లేదు, పక్క స్టేషనైనా అంతే జరిగేది. మహిళా ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టింది.

"ఆమె నీకేమైతది?"

"కలిసుంటం మేడం."

"అక్కనా? చెల్లెనా?"

"కాదు."

"మరి?"

ఆపా మా వైపు చూసింది. మేం చెప్పాం. వెనకాల నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాపుకుంటూ, "ఇద్దర్ల మొగోడెవరు?" అన్నాడు. ఎస్సై అతన్ని కసిరింది. కానీ ఆమె రాసుకున్నది మాత్రం, రూములో కలిసుండేవాళ్లు కిరాయి దగ్గర గొడవపడ్డారని. "ఇద్దరాడోళ్లు, సమానమే కదమ్మా. కూసొని మాట్లాడుకోన్రి" అని రాజీ కాగితం తీసింది.

తర్వాత ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లాం. అక్కడ గృహహింస చట్టం కింద నింపే ఫారం వుంటుంది. ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఎక్కడ కొట్టారు, డబ్బు లాక్కున్నారా, బయటికి పోనివ్వలేదా, పేరుపెట్టి అవమానించారా, అన్నిటికీ గడులున్నాయి. ఆపా చెబుతుంటే అక్కడి అమ్మాయి వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. అన్నీ సరిపోయాయి. ఆ ఫారం రాసినవాళ్లు ఆ ఇంట్లో కూర్చుని రాశారేమో అన్నంతగా సరిపోయాయి. కొట్టిన మనిషికి బాధితురాలితో వున్న సంబంధం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే చట్టంలోకి పోవాలి. కొంచెం ఓపిక పట్టండి.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో వుంది. కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు ఆపడం, ఇంట్లోంచి గెంటడం అన్నీ హింసే అంటుంది. మంచి చట్టం. బాధితురాలు స్త్రీ అయి వుండాలి. ప్రతివాది 'వయసొచ్చిన పురుషుడు' అయి వుండాలని మొదట్లో రాశారు. 2016 అక్టోబరు 6న హీరల్ హర్సోరా కేసులో సుప్రీంకోర్టు ఆ రెండు మాటలూ కొట్టేసింది. కొడుకు మీద, కోడలి మీద, కూతుళ్ల మీద ఒక తల్లి వేసిన కేసు అది. అప్పటినుంచి ఏ ఆడమనిషి మీదైనా కేసు వేయొచ్చు. అయితే ఆపా నర్సు మీద వేయొచ్చు కదా? వేయలేదు. ఇద్దరి మధ్యా 'గృహ సంబంధం' వుండాలి. అంటే రక్తసంబంధం, పెళ్లి, దత్తత, ఉమ్మడి కుటుంబం, లేదా పెళ్లిలాంటి సంబంధం. పెళ్లిలాంటిది అంటే ఏమిటో 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ చట్టప్రకారం పెళ్లాడటానికి అర్హులై వుండాలంది. 2013 నవంబరు 26న ఇంద్రా శర్మ కేసులో ఇంకా విడమరిచింది. స్త్రీ స్త్రీ, పురుషుడు పురుషుడు కలిసుంటే దాన్ని ఈ చట్టం గుర్తించదు, అది పెళ్లిలాంటి సంబంధం కాదు అంది. సరిగ్గా పదిహేను రోజులకు, డిసెంబరు 11న, అదే కోర్టు 377 సెక్షన్ని తిరిగి నిలబెట్టింది. ఢిల్లీ హైకోర్టు 2009లో తెరిచిన తలుపు మూసేసింది.

2018 సెప్టెంబరు 6న నవతేజ్ జోహర్ కేసులో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆ రోజు మా ఆఫీసులో మిఠాయి పంచిన పిల్లలున్నారు, మేమూ తిన్నాం. ఆ తీర్పు 'నేరం' అన్న మాటను తీసేసింది. ఇంద్రా శర్మ కేసులోని ఆ వాక్యాన్ని తాకలేదు. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు పోయిన కేసుకు సుప్రియో పేరే స్థిరపడింది. ఆ జంట మన హైదరాబాదులో కాపురమున్నవాళ్లే. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పెళ్లి కాకపోయినా ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలన్నవాళ్లు ఇద్దరు, వద్దన్నవాళ్లు ముగ్గురు. ఆ కేసులో వద్దని వాదించినవాళ్లలో జమియత్ ఉలమా వుంది, కేంద్ర ప్రభుత్వమూ వుంది. మిగతా రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఆ ఒక్క బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.

ఆ తీర్పు తర్వాత వేసిన కమిటీ పుణ్యమా అని 2024లో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. ఇలా కలిసుండే జంటలు బ్యాంకులో జాయింటు ఖాతా తెరవొచ్చు. రేషన్ కార్డు విషయంలో వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా లెక్కించమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. బియ్యానికి ఒకే ఇల్లు. దెబ్బలకు ఇల్లు కాదు.

ఇక్కడ మాకు ఒక పోలిక తోస్తుంది. అదే మణికట్టు మొగుడు విరిస్తే ఏమయ్యేది? నికాహ్‌నామా వుంటుంది. ఇద్దరు సాక్షులుంటారు. మెహర్ ఎంతో రాసి వుంటుంది. కాజీ వుంటాడు, ఖులా వుంది. పెళ్లి కుదిర్చిన పెద్దలుంటారు, వాళ్ల గల్లా పట్టుకోవచ్చు. మైకా వుంటుంది, నాలుగు రోజులైనా అన్నం పెడతారు. ఈ తలుపులన్నీ తెరిచి వుంటాయని మేం అనడం లేదు. ఖులా కోసం ఏళ్లకేళ్లు తిరిగిన ఆడపిల్లలు మా ఖాందాన్లోనే వున్నారు. కానీ కొట్టడానికి తలుపంటూ వుంది. ఆపాకు గోడే. ఏడేళ్ల కాపురానికి ఒక్క సాక్షి లేడు, ఒక్క కాగితం లేదు. తెంచుకోవడానికి కూడా ముందు అది ముడి అని ఎవరో ఒప్పుకోవాలి కదా.

ఇట్లాంటి ఇళ్లెన్ని? మన దగ్గర లెక్కించే పద్ధతే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 29 మంది మొగుడి హింస చూశామన్నారు, తెలంగాణలో నూటికి 37 మంది. ఆ ప్రశ్న మొగుడి గురించే. ఆపాను అడిగినా ఆమె లెక్క సున్నాలో కలుస్తుంది. అమెరికాలో 2010లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఒక సర్వే చేసింది. జీవితంలో ఎప్పుడైనా జతగాళ్ల చేతిలో దెబ్బలో, బలాత్కారమో, వెంటపడి వేధించడమో అనుభవించినవాళ్లు మగవాళ్లతో వుండే ఆడవాళ్లలో నూటికి 35 మంది. ఆడవాళ్లతో వుండే ఆడవాళ్లలో 44 మంది. ఇద్దరితోనూ వుండగలవాళ్లలో 61 మంది. ఈ అంకెలు పట్టుకుని 'చూశారా' అని ఎగరబోయేవాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 44 మందిలో హింసించింది ఆడవాళ్లే అన్నవాళ్లు మూడింట రెండొంతులు, మిగతావాళ్లను కొట్టినవాళ్లలో మగవాళ్లున్నారు. 61 మంది విషయంలో పదింట తొమ్మిది మందిని హింసించింది మగవాళ్లే.

మా స్త్రీవాద మిత్రులకు ఈ సంగతి చెబితే మొదట ఇబ్బంది పడతారు. హింస అంటే మగాధిక్యత అని ముప్పై ఏళ్లు కష్టపడి ఒప్పించాం, ఇప్పుడు ఆడదే కొట్టిందంటే ఎట్లా అని. వాళ్ల ఇబ్బంది మాకు అర్థమవుతుంది. కానీ పెత్తనం మగాడి ఒంట్లో పుట్టే గుణం కాదని చెప్పింది కూడా వాళ్లే కదా. జీతం ఎవరిది, కిరాయి కాగితం మీద పేరు ఎవరిది, బయటపడితే ఎక్కువ పోగొట్టుకునేదెవరు, ఈ మూడూ అడిగితే ఏ ఇంట్లో ఎవరు ఎవరిని కొడతారో సగం తెలిసిపోతుంది. ఇద్దరూ ఆడవాళ్లే కాబట్టి సమానం అన్న ఎస్సై, ఇద్దరిలో మగాడెవరన్న కానిస్టేబుల్, ఇద్దరూ ఒకటే తప్పు చేశారు. ఒకరికి తేడా కనపడలేదు. ఇంకొకరికి మగాడు లేకుండా దెబ్బ ఊహకందలేదు. అమెరికాలో కార్మెన్ మరియా మచాడో అనే రచయిత్రి 2019లో తన సొంత కథే పుస్తకంగా రాసింది. ప్రేమించిన స్త్రీ చేతిలో తను పడ్డ హింస గురించి. తనలాంటివాళ్ల కథలు వెనక్కి వెతికితే దొరకవని ఆమె బాధ. అక్కడే అట్లా వుంటే ఇక్కడ సంగతి చెప్పాలా.

మగవాళ్ల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాం, అది తక్కువదని కాదు, మాకు తెలిసింది తక్కువ కాబట్టి. మగవాడిని మగ జతగాడు కొడితే గృహహింస చట్టం వైపు చూడనక్కరలేదు, అది స్త్రీలకే. 2018 దాకా '377 వుంది జాగ్రత్త, స్టేషనుకు పోతే ఇద్దరం లోపలికే' అన్న బెదిరింపు నడిచింది. 2018 తర్వాత ఇష్టం లేని సంపర్కానికి మాత్రం ఆ సెక్షన్ మిగిలింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది కూడా ఎత్తేశారు. అత్యాచారం సెక్షన్ ఆడవాళ్లకే వర్తిస్తుంది. కాబట్టి బలాత్కారానికి గురైన మగవాడు స్టేషనుకు పోతే, చిన్నచిన్న దెబ్బల సెక్షన్ల కిందే రాసుకోవాలి. పోలీసు అంటే ఈ మనుషులకు భయం ఎందుకని అడిగేవాళ్లు మన నిజాం కాలం నాటి చట్టం ఒకటి గుర్తు చేసుకోవాలి. ఫస్లీ 1329 నాటి ఆ చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలి, ఆడవేషంలో కనపడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. వంద దాటిన ముసలి చట్టం అది.

ముస్లింల అస్తిత్వం గురించిన పుస్తకంలో ఈ గోల ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. బిరాదరీ పరువు చాలదా, ఇది కూడానా అన్నాడు. అడిగింది మంచివాడే.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. 1985 ఏప్రిల్‌లో షాబానో తీర్పు వచ్చినప్పుడు మేం పలకలు పట్టుకుని బడికి పోయే వయసుకు కూడా సరిగ్గా రాలేదు, కానీ ఆ మాటల మధ్యే పెరిగాం. 'ఇప్పుడు కాదు', 'వాళ్లు కాచుకుని వున్నారు', 'ఇంటి సంగతి ఇంట్లో'. చివరికి ఆ ముసలావిడే తీర్పు నాకొద్దని ప్రకటించాల్సి వచ్చింది. 1986లో చట్టం వచ్చింది. కాచుకుని వున్నవాళ్లు ఆగారా? 1992 డిసెంబరు ఆగిందా? ఆడవాళ్లు నోరు మూసుకున్నందుకు ఏ మసీదూ మిగల్లేదు. మళ్లీ 2019లో మూడు తలాకుల చట్టం వచ్చి మొగుణ్ణి మూడేళ్ల దాకా జైల్లో వేస్తానంది. అప్పుడు కూడా ఆడవాళ్ల కన్నీళ్లు ఎవరి సభల్లో చప్పట్లయ్యాయో చూశాం. అంటే మా ఆడవాళ్లకు రెండే చోట్లు చూపించారు. నోరు మూసుకుని ఇంట్లో, లేకపోతే శత్రువు వేదిక మీద.

సరిగ్గా ఇదే మాట ఆ రెండో బిరాదరీలోనూ వుంది. ఆపాకు ధైర్యం చెప్పడానికి వచ్చిన ఒక పిల్ల, తనూ ఆడవాళ్లనే ప్రేమించే పిల్ల, మా వంటింట్లో కూర్చుని చెప్పింది. "ఇప్పుడు ఇది బయట పెడితే, చూశారా వీళ్ల కాపురాలు ఇంతే అంటారు. ఇప్పుడిప్పుడే కదా మనల్ని మనుషుల్లా చూస్తున్నారు. కొంచెం ఆగుదాం ఆపా." మా అమ్మీ ఎంగిలి గిన్నెలు సర్దుతూ అంది. "కబ్ తక్?" ఎప్పటిదాకా అని. ఆ పిల్ల తల వంచుకుంది. తప్పు పట్టడానికి లేదు. 2022లో కేరళలో ఇద్దరు ముస్లిం అమ్మాయిల్ని కన్నవాళ్లు విడదీస్తే మే 31న హైకోర్టు కలిపింది. ఆ ఫోటో చూసి ఎంతమంది పిల్లలు ధైర్యం తెచ్చుకున్నారో మాకు తెలుసు. కలుసుకోవడానికి ఒక ఫోటో దొరకడానికే ఇన్నేళ్లు పట్టింది. కొట్టించుకున్న మొహం ఫోటో ఎవరికి చూపిస్తారు?

చిన్న బిరాదరీలకు ఒక అలవాటు. బయటివాడి రాళ్ల నుంచి కాపాడుకోవడానికి గోడ కట్టుకుంటాం. గోడ లోపల ఎవరైనా ఎవరినైనా కొడితే ఆ అరుపు బయటికి పోకుండా కూడా అదే గోడ పనికొస్తుంది. మేం ముస్లింలుగా ఆ గోడ లోపల పుట్టాం కాబట్టి దాని మందం మాకు తెలుసు. ఆపా రెండు గోడల లోపల వుంది. ఆమె గురించి ఇంకెక్కడ రాస్తాం?

మా మొహల్లా మసీదులో చదివించే ఒక మౌల్వీ సాబ్ దగ్గరికి కూడా వెళ్లాం. తిడతారని తెలిసే వెళ్లాం. మొదట చాలాసేపు తిట్టారు. ఖురాన్‌లో లూత్ పైగంబర్ కాలపు జనం సంగతి చెప్పారు, గునాహ్ గురించి చెప్పారు. మేం వాదించలేదు. ఆయన నమ్మకం ఆయనది. అన్నీ విన్నాక ఒకటే అడిగాం. సాబ్, ఒక మనిషి ఇంకో మనిషి చెయ్యి విరిచి, సంపాదన లాక్కుంటే దాన్ని ఏమంటారు? ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "వో జుల్మ్ హై" అన్నారు. "గునాహ్ అల్లాకూ మనిషికీ మధ్య. జుల్మ్‌కు జవాబు ఇక్కడ కూడా చెప్పాలి. కొట్టిన చెయ్యి ఎవరిదని జుల్మ్ అడగదు." ఆ ఆడమనిషికి ఇవ్వాల్సిన డబ్బు ఇప్పించడం వాజిబ్ అన్నారు. మీరు వచ్చి ఆ నర్సుకు ఈ మాట చెబుతారా అంటే మాత్రం, తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు. అందుకే రాయలేదు.

ఆపా ఇప్పుడు వేరే ఊళ్లో వుంది. మణికట్టు అతికింది గానీ చలికాలంలో నొప్పి వస్తుందట, సన్నపూసల పని మానేసి ఫాల్స్, పీకో కుట్టుకుంటోంది. అడ్వాన్సులో ఆమె సగం రాలేదు. మగ్గం కోసం మాలో ఒకరం వెళ్లి అడిగితే, అది నీదని కాగితముందా అని నర్సు అడిగింది. లేదు. మగ్గం ఆ ఇంట్లోనే గోడకు ఆనించి వుంది. దాని మీద ఎవరో పెళ్లికూతురి జాకెట్టు, సగం నెమలితో, అట్లాగే బిగించి వుంది.